తికాంగ్ పిలిచిన పేర్లు

ఎస్కొలాస్తికా అన్న పూర్తి పేరు పాదిరి గారి నోట తప్ప ఇంకెవరి నోటా వినపడేది కాదు. ఊరందరికీ ఆవిడ తికాంగ్. మనీలా దగ్గర లగూనా సరస్సుకు ఎగువన, కొండవాగు ఒడ్డునున్న సాంతా ఇనెస్‌లో ఎవరింట్లో మనిషి పోయినా ముందు పెట్టె చేసే వడ్రంగికి, ఆ వెంటనే తికాంగ్‌కి కబురు వెళ్ళేది. పాదిరి గారు వచ్చి, పూజ చెప్పి, కాఫీ తాగి వెళ్ళిపోతారు. ఆ తర్వాత తొమ్మిది సాయంత్రాలు ఆ ఇంట్లో మోకాళ్ళ మీద కూర్చుని, జపమాల తిప్పుతూ, పోయిన మనిషిని దారిన పెట్టే పని తికాంగ్‌ది. ఏడాది తిరిగి ఇంటివాళ్ళు నల్లబట్టలు విప్పే ఏడూడు రోజున కూడా ఆవిడే రావాలి.

ఆ ప్రార్థనలో ముందు దేవుడి పేర్లు, మరియమ్మ పేర్లు, తర్వాత పునీతుల పేర్లు వరసగా వస్తాయి. పోయినవాళ్ళ పేరు చిట్టచివర. అక్కడికి వచ్చేసరికి తికాంగ్ గొంతు మారేది. పేరు పెట్టి పిలిచి, "లే, వెలుగులోకి నడువు" అనేది. గదిలోవాళ్ళంతా "నడువు నాయనా" అనో "నడువు తల్లీ" అనో బదులు పలికేవాళ్ళు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. తికాంగ్ తల్లి అలాగే పిలిచింది, అమ్మమ్మా అలాగే పిలిచింది. అప్పటిదాకా రాయిలా కూర్చున్న తల్లులు కూడా ఆ పిలుపు దగ్గర భోరుమనేవారు. ఏడ్చాక కాస్త తెరిపిన పడేవారు.

ఇంత చేసినా ఊరు ఆవిడను ముందు వరసలో ఎప్పుడూ నిలబెట్టలేదు. తికాంగ్‌ది కటిక నలుపు, రింగుల జుట్టు. బళ్ళో చదువుకునే రోజుల్లో పిల్లలు 'బొగ్గు' అనేవారు. మే నెల ఊరేగింపులో పూలపందిరి కింద నడిచే రాణి వేషం ఎప్పుడూ ఎర్రగా బుర్రగా ఉన్న పిల్లలకే వచ్చేది. తికాంగ్ వెనక కొవ్వొత్తి పట్టుకుని పాట అందుకునేది. మా ఊరికి ఆవిడ గొంతు కావాలి గాని మొహం అక్కర్లేదు. నలభై దాటినా పెళ్ళి కాలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే, చచ్చినవాళ్ళకు సేవ చేసేసరికే పొద్దు గూకుతోంది, బతికినవాడికి ఎక్కడ చెయ్యను అని నవ్వేసేది.

1970లో వానలు వెనకపట్టగానే మనీలా నుంచి సినిమావాళ్ళు దిగారు. సినిమా అమెరికా వాళ్ళది, అడవీ మనుషులూ మనవి. మనవైపు అడవి చవక, మనుషులు ఇంకా చవక అని అప్పట్లో ఆ దేశపు దయ్యాల సినిమాలు చాలా ఇక్కడే తీసేవారు. బాల్డో అని ఒకతను, టోపీ తిప్పి పెట్టుకుని, ఆదివారం పూజ అయ్యాక గుడి ముందు జనాన్ని వరసలో నిలబెట్టాడు. తెల్లగా ఉన్నవాళ్ళను కుడివైపు తోశాడు. వాళ్ళు రాక్షసుడి బారినపడే అందగత్తెలట. నల్లగా ఉన్నవాళ్ళను ఎడమవైపు తోశాడు. వాళ్ళు మనుషుల్ని బలిచ్చే అడవి జనమట. ఒక తల్లి కడుపున పుట్టిన అక్కచెల్లెళ్ళలో ఒకతె కుడికి, ఒకతె ఎడమకి పోయారు. ఆ ఇంట్లో చాలాకాలం ఆ పేచీ నడిచింది.

తికాంగ్ దగ్గరికొచ్చేసరికి బాల్డో ఆగిపోయాడు.

"అమ్మా, నువ్వు ఆ వరసలో వద్దు. ఇటు రా."

"నాకు సినిమాలెందుకు బాబూ. శవం దగ్గర ప్రార్థన చెప్పుకునేదాన్ని."

"మాకు కావలసింది కూడా అలాంటి మనిషే. మంత్రగత్తె వేషం. మాటలు రాకపోయినా పర్లేదు, నీ మొహం చాలు."

మొహం చాలన్నవాడు పుట్టి బుద్ధెరిగాక ఇతనొక్కడే. తికాంగ్ పొంగిపోయింది. అక్కడ పొంగిపోయినందుకు ఆ తర్వాత ఎన్ని సాయంత్రాలు తనను తాను తిట్టుకుందో లెక్కలేదు.

షూటింగు వాగుకు అవతల, బురద మడుగు దగ్గర. సున్నంతో చేసిన కొమ్ముల దేవుడి బొమ్మ ఒకదాన్ని నిలబెట్టారు. తికాంగ్ ఒంటికి ఉత్తరాది కొండవాళ్ళ నేత గుడ్డ చుట్టారు, మెడలో ఉడకబెట్టిన కోడి ఎముకలు వేశారు, చేతికి ఏ దేశానిదో కొయ్య మొహం ఇచ్చారు. కథ ఏ దీవిలో జరుగుతుందో తీసేవాళ్ళకీ తెలియదు. పైగా కొబ్బరినూనెలో కలిపిన మసి పూశారు. నలభై ఏళ్ళుగా ఊరికి ఎక్కువైన నలుపు సినిమావాళ్ళకు చాల్లేదు.

ఆ రోజు తీయాల్సింది ఒక్క ముక్క. మంత్రగత్తె మడుగు ఒడ్డున నిలబడి పిలవాలి, బురదలోంచి రాక్షసుడు లేవాలి. అమెరికా దర్శకుడు చెమటలు తుడుచుకుంటూ ఏదో అన్నాడు. బాల్డో వచ్చి చెప్పాడు.

"మీ భాషలో ఏదో ఒకటి అనమ్మా."

"మా భాషంటే?"

"అదే, అడవి భాష."

"మాది అడవి కాదుగా నాయనా. మున్సిపాలిటీ."

"అబ్బా, ఏదో ఒక కూత కుయ్యమ్మా తల్లీ."

తికాంగ్ చేతులెత్తి ఊంగా ఊంగా అంది. వెనక మసి పూసుకుని నిలబడ్డ మనవాళ్ళు పకపకా నవ్వారు. మళ్ళీ తీశారు, మళ్ళీ నవ్వారు. ఫిలిం దండగవుతోందని దర్శకుడు మొహం మాడ్చుకున్నాడు. బాల్డో ఊరివాళ్ళందర్నీ అన్నాలకు తరిమేసి, తికాంగ్‌ని పక్కకు తీసుకెళ్ళాడు.

"చూడమ్మా. నిద్రలో లేపినా తడుముకోకుండా చెప్పేది ఏదో నీకుంటుంది. అది చెప్పు, గడగడా. ఇదంతా అమెరికాలో ఆరుబయట తెర ముందు కార్లలో కూర్చుని చూసేవాళ్ళ కోసం. గొంతులు కూడా అక్కడే మార్చేస్తారు. నీ మాట ఈ దేశంలో చీమకి కూడా వినపడదు."

నిద్రలో లేపినా చెప్పేది తికాంగ్‌కి ఒక్కటే ఉంది. అయితే ఎదురుగా కొమ్ముల దేవుడు. ఒంటి మీద సగం బట్ట. అలాంటి చోట మరియమ్మ పేరు ఎలా ఎత్తడం? పునీతులు ఊరుకుంటారా? పాపం తగులుతుంది. ఆవిడ బాగా ఆలోచించింది. దేవుడి పేర్లన్నీ వదిలేసింది. మరియమ్మను వదిలేసింది. పునీతులను ఒక్కరిని కూడా తలవలేదు. అవన్నీ తీసేస్తే ప్రార్థనలో మిగిలేది చివరి ముక్క, చనిపోయినవాళ్ళను పిలిచే ముక్క. అందులో ఏ దోషమూ ఆవిడకు కనపడలేదు. దేవుడికి అపచారం జరగకుండా గట్టెక్కానని తన తెలివికి తానే మురిసిపోయింది.

చేతులెత్తి, అసలైన గొంతుతో పిలిచింది. ఆ ఏడు తను ప్రార్థన చెప్పిన ఇళ్ళలో పోయినవాళ్ళ పేర్లే నోటికొచ్చాయి. ముందు ముసలి పంతులు గారు. తర్వాత రొట్టెల కొట్టు వాళ్ళ అమ్మ. చివరకు, వానల్లోనే పోయిన హెర్మినియో. "హెర్మినియో, లే, వెలుగులోకి నడువు." బురదలోంచి ఆకుపచ్చ రంగు పూసుకున్న మనిషి, మొహమంతా కుళ్ళి వేలాడుతూ, నీళ్ళోడుతూ లేచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒళ్ళు జలదరించిందమ్మా అని బాల్డో అన్నాడు. ఆవిడ సిగ్గుపడుతూ నవ్వింది.

హెర్మినియో సంగతి చెప్పాలి. సియాంగ్ అని ఇంటి దగ్గరే కొబ్బరి అట్లు పోసి అమ్మే ఆవిడ ఉంది. ఆవిడకు ఒక్కగానొక్క కొడుకు. వాగులో పడవ నడిపేవాడు. వరదలో కొట్టుకుపోయాడు. చాలా దిగువన దొరికాడు. నీళ్ళలో నాని, రాళ్ళకు కొట్టుకుని ఉన్న ఆ మొహాన్ని తల్లికి చూపించలేదు. పెట్టెకు మేకులు కొట్టేసే ఇంటికి తెచ్చారు.

మరుసటి ఏడు ఆగస్టులో సినిమా మా ఊరి హాలుకే వచ్చింది. హాలువాడు మన ఊళ్ళో తీసిన సినిమా అని బండి మీద మైకు పెట్టి ఊరంతా తిప్పాడు. తికాంగ్ సినిమావాళ్ళిచ్చిన పెసోలతో కుట్టించుకున్న నీలం గౌను వేసుకుని ముందు వరసలో కూర్చుంది. జనం కిటకిటలాడుతున్నారు. మొదట్లో అంతా గోలే.

"అడుగోరా, మన చేపల ఎపిమాకో. ఈటె పట్టుకుని ఎలా గెంతుతున్నాడో చూడు."

"కట్టుకున్న పెళ్ళాన్ని చూసినా అలా గెంతడు."

"తెల్లపిల్లను చూశాడుగా మరి."

తెర మీద తికాంగ్ మొహం వచ్చింది. అంత పెద్దగా ఆ మొహాన్ని ఎవరూ చూడలేదు, ఆవిడ కూడా చూసుకోలేదు. హాలంతా ఈలలు, చప్పట్లు. ఎవరో "మా తికాంగ్ అక్కే" అని అరిచారు. ఆవిడ గర్వంగా నిటారుగా కూర్చుంది.

అప్పుడు గొంతు వచ్చింది. మిగిలిన అందరి గొంతులూ మార్చారు. చేపల ఎపిమాకో కూడా ఇంగ్లీషులో రంకెలు వేశాడు. ఈ ఒక్క గొంతు మాత్రం మార్చలేదు. బాగా అడివిగా ఉందని ఉంచేసుకున్నట్టున్నారు. పైగా కొండల్లో మారుమోగేలా పెంచారు. పంతులు గారి పేరు వినపడగానే ఒకరిద్దరు నవ్వారు. రొట్టెల కొట్టు అమ్మ పేరు దగ్గర నవ్వు తగ్గింది. హెర్మినియో పేరు వచ్చేసరికి హాల్లో చడీచప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దంలో బురద కదిలి, మొహం లేని ఆ ఆకారం నీళ్ళోడుతూ పైకి లేచింది.

వెనక ఎక్కడో ఒక ముసలావిడ, అలవాటు కొద్దీ, "నడువు నాయనా" అంది.

తికాంగ్‌కి ఒంటి మీద బట్ట లేనట్టయింది. నీలం గౌను ఎందుకు వేసుకొచ్చానా అనుకుంది. దేవుడి పేరు దాచాను, పునీతుల పేర్లు దాచాను, నాతో ప్రార్థన చెప్పించుకుని నా ముందు ఏడ్చినవాళ్ళ బిడ్డల పేర్లు దాచాలని నాకెందుకు తట్టలేదు? మంత్రగత్తె అని ఎవరో పెట్టిన వేషం కాదు, తన చేతులారా ఆ పని చేసింది. ఆట అయ్యాక లైట్లు వేశారు. జనం ఆవిణ్ణి చూడకుండా లేచి వెళ్ళిపోయారు. ఎవరైనా తిడితే బాగుండునని ఆవిడ చివరిదాకా కూర్చుంది.

సియాంగ్ ఆ జనంలో లేదు. కొడుకు పోయి ఏడాది తిరగలేదు, నల్లబట్టల్లో ఉన్న మనిషి సినిమాకు రాదు. ఇంకొకరి నోట వినకముందే తనే చెప్పాలని తికాంగ్ పొద్దున్నే బయల్దేరింది. దారంతా మాటలు కూడదీసుకుంది.

పొయ్యి దగ్గరున్న సియాంగ్ తలెత్తి చూసింది.

"రా అక్కా, సినిమా తారవి. పీట వెయ్యనా, సింహాసనం వెయ్యనా?"

"ఊరుకో సియాంగ్."

"నేనూ వచ్చేదాన్నే. ఈ బట్టలతో వెళ్తే జనం నోళ్ళు ఊరుకోవు. ఇంతకీ ఎలా ఉన్నావు తెర మీద?"

"దయ్యంలా ఉన్నా."

"మనలాంటోళ్ళకి దేవకన్య వేషాలిస్తారా ఏంటి. ఏం మాట్లాడావు మరి?"

ఇప్పుడు చెప్పాలి. నోరు కూడా తెరిచింది.

"ఏదో పిచ్చి కూత కుయ్యమన్నారు. కూశాను" అంది.

సియాంగ్ నవ్వి, కాఫీ పోసి చేతికిచ్చింది. "వచ్చే నెల వాడి ఏడూడు. నువ్వే రావాలి, ఇంకెవర్నీ పిలవను. వాడి మొహం కూడా చూడనివ్వలేదు అక్కా నన్ను. నువ్వు పిలిచావు చూడు, అప్పుడు మాత్రం వాడు లేచి, మంచి చొక్కా తొడుక్కుని, గుమ్మం దాటి వెళ్ళినట్టు కనిపించింది. నాకు మిగిలింది అదొక్కటే" అంది.

తికాంగ్ ఆ కాఫీ తాగింది. తాగి, కప్పు కడిగి పెట్టి, ఇంటికొచ్చింది.

శనివారం గుడిలో పాపసంకీర్తనానికి వెళ్ళి, చేసిన తప్పు ఒప్పుకుని చెప్పుకుంది. ముసలి పాదిరి గారు జాలీ వెనక నుంచి అంతా విన్నారు.

"దేవుడి పేరు ఎత్తావా?"

"లేదు ఫాదర్."

"పునీతుల్ని?"

"లేదు."

"మరింక పాపమెక్కడుందమ్మా? జాగ్రత్తగానే ఉన్నావుగా. పోయి నిశ్చింతగా ఉండు."

శిక్ష వేసి ఉంటే చేసి ఊపిరి పీల్చుకునేది. పాపమే కాదన్నాక ఇక క్షమాపణ ఎవరినడగాలి? అడగాల్సిన మనిషి రెండు వీధుల అవతల ఉంది. ఆ ఇంటి వైపు కాళ్ళు పడలేదు. ఆ వారమంతా రోజూ వెళ్దామనుకుంది, రోజూ రేపు అనుకుంది.

వాగు దగ్గర బట్టలుతికేచోట ఎవరో సియాంగ్‌కి చెప్పేశారు. సినిమా ఎత్తేసే రోజున మధ్యాహ్నం ఆటకి సియాంగ్ నల్లబట్టలతోనే, ఒక్కతే వెళ్ళింది. ఎవరూ ఏమీ అనలేదు. హాలువాడు టిక్కెట్టు అడక్కుండా పక్కకు తప్పుకున్నాడు. చివరిదాకా కదలకుండా చూసిందని, లైట్లు వేశాక కూడా లేవలేదని, ఎవరో రెక్క పట్టుకుని నడిపించి తెచ్చారని తికాంగ్‌కి తెలిసింది.

ఏడూడు నాటికి రావద్దని కబురేమీ రాలేదు. రమ్మనీ రాలేదు. తికాంగ్ వెళ్ళింది. వెళ్ళకపోతే ఇంకా తప్పు. సియాంగే తలుపు తీసింది, లోపలికి దారిచ్చింది. గది నిండా జనం. ప్రార్థన మొదలైంది. దేవుడి పేర్లు, మరియమ్మ పేర్లు, పునీతుల పేర్లు అన్నీ సక్రమంగా జరిగాయి. చివరి చోటుకు వచ్చేసరికి తికాంగ్ జపమాల తిప్పడం ఆపింది. ఈ గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ ఆ పిలుపు ఇంకోచోట విన్నారు. ఊపిరి తీసుకుని పెదవి విప్పబోయింది.

"ఆగు అక్కా" అంది సియాంగ్. కోపంగా అనలేదు. "వాడి పేరు నేను పిలుచుకుంటా. నువ్వు పిలిస్తే నా బిడ్డ రాడు. అది వస్తది."

సియాంగ్ పిలిచింది. గొంతు బొంగురుగా ఉంది, రాగం తప్పింది. గది మొత్తం బదులు పలికింది. తికాంగ్ కూడా అందరితోపాటు, గోడవారగా కూర్చున్నవాళ్ళలాగే, "నడువు నాయనా" అంది. ఆ తర్వాతి ముగింపు మాటలు తనే చెప్పింది. అవి ఇంకెవరికీ రావు.

నల్లబట్టలు విప్పి వచ్చాక సియాంగ్ వంటింట్లో అందరికీ కట్టినట్టే తికాంగ్‌కీ సేమ్యా, రొట్టె అరటాకులో కట్టింది. పొట్లం చేతికిస్తూ మెల్లిగా అంది.

"ఆ పొద్దున నా ఎదురుగా కూర్చుని పిచ్చి కూత అన్నావు. నా కొడుకు పేరక్కా అది."

తికాంగ్ ఏదో అనబోయింది. అప్పటికే సియాంగ్ ఇంకొకరికి పొట్లం కడుతోంది.

ఆ తర్వాత రొట్టెల కొట్టువాళ్ళు తమ అమ్మ ఏడూడికి అదే మాట అన్నారు. పేరు మేము పిలుచుకుంటాం పిన్నీ, మిగతాది నువ్వు కానియ్యి అన్నారు. పంతులు గారింట్లోనూ అంతే. కొత్తగా మనిషి పోయిన ఇళ్ళలో కూడా అలాగే జరిగింది. ఎవరూ ఆవిణ్ణి మానిపించలేదు, అవమానించలేదు. అయితే ఆ ఒక్క చోట ఆవిడ ఆగి, తల వంచుకోవాలి, ఇంటివాళ్ళలో ఒకరు పేరు పిలవాలి. ఒకరు చెప్పి పెట్టిన నియమం కాదు, ఊరంతా పాటించింది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ సినిమా సంగతి తెలిసినవాళ్ళు తగ్గిపోయారు. పిల్లలు పెద్దవాళ్ళయి, ఇది తాతల నాటి పద్ధతి అనుకున్నారు. పక్క ఊళ్ళవాళ్ళు కూడా నేర్చుకున్నారు.

తికాంగ్‌కి డెబ్బై దగ్గరపడ్డాక సాంతా ఇనెస్‌కి కొత్తగా ఒక కుర్ర పాదిరి వచ్చారు. నాలుగిళ్ళలో ఆ ప్రార్థన చూసి చాలా కదిలిపోయారు. ఒక ఆదివారం పూజలో దాని గురించే ప్రసంగించారు. ఎన్నో ఊళ్ళు చూశాను, బిడ్డ పేరును తల్లే పిలిచే ఇంత గొప్ప ఆచారం ఎక్కడా చూడలేదు, ఇంతమంచి అలవాటు ఈ ఊరికి నేర్పిన పెద్దావిడ మన మధ్యనే ఉన్నారు అంటూ, తికాంగ్ వైపు చెయ్యి చూపించి, లేచి నిలబడమన్నారు. గుడిలో అందరూ తిరిగి చూశారు. పక్క వరసలో, జుట్టు నెరిసిపోయిన సియాంగ్ మాత్రం నేరుగా ముందుకే చూస్తూ కూర్చుంది.

తికాంగ్ లేచి నిలబడింది. తల పైకెత్తలేకపోయింది. చూశారా ఎంత వినయమో అన్నారు పాదిరి గారు.